జీతం అడిగే రిహార్సల్

లక్ష్మీ నగర్‌లో మా గదికి కిటికీ లేదు. అందులో ఇద్దరం ఉండేవాళ్లం. గురుగ్రామ్‌లో కొత్త ఉద్యోగం ఖాయమైన నేను, సివిల్స్‌కు చదువుతున్న కరీంనగర్ రూమ్మేటు. కంపెనీవాళ్లు ఇస్తామన్న జీతం మీద ఇంకాస్త రాబడితేనే ఘాజియాబాద్‌లో రెండు గదుల ఇల్లు తీసుకోగలను. ఇల్లంటూ తీసుకుంటేనే గుంటూరులో పుట్టింట్లో ఉన్న మా ఆవిడా పసిదీ ఇక్కడికొస్తారు.

కాబట్టి రూమ్మేటు నాకు కోచింగ్ మొదలుపెట్టాడు. అతను ఇంతవరకు ఒక్క ఇంటర్వ్యూ గడప తొక్కలేదు. సందుకో కోచింగ్ సెంటరున్న లక్ష్మీ నగర్‌లో కోచింగ్ ఇవ్వడానికి అదేమంత అడ్డు కాదు. బకెట్ బోర్లించి, దాని మీద కూర్చుని హెచ్‌ఆర్ మేడమ్ అయిపోయేవాడు.

"ఎంత గావాలె?"

"మీరెంతిస్తే అంత..."

"థూ! ఇజ్జత్ తీస్తున్నవ్ భయ్. మల్ల చెప్పు, గట్టిగ!"

వారం తిరిగేసరికి గట్టిగానే చెప్పగలిగాను. మెట్రోలో గొణుక్కుంటుంటే పక్కాయన లేచి దూరంగా వెళ్లి నిలబడ్డాడు కూడా.

అసలు మేడమ్ ఒక పొద్దున ఫోన్ చేసింది. అంకె చెప్పాను, గొంతు వణకలేదు. రూమ్మేటు బొటనవేలు పైకెత్తాడు. "అచ్ఛా. బడ్జెట్ అయితే అంత లేదు. కావాలంటే మా బాస్‌ని అడిగి చూడనా?" అంది హిందీలో, ఎంతో మర్యాదగా.

అక్కడే బోల్తా పడ్డాను. మా వైపు ఎవరైనా కాఫీ ఇవ్వనా అంటే మొదట వద్దంటాం. మళ్లీ అడిగితే నవ్వుతాం. ఇంకోసారి బలవంతం చేశాక గ్లాసు అందుకుంటాం. మొదటిసారికే సరేనంటే మొహం వాచినవాడనుకోరూ? "అయ్యో, మీకెందుకు మేడమ్ శ్రమ, పర్వాలేదు" అనేశాను, మళ్లీ అడుగుతుంది కదా అని.

"ఠీక్ హై" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది. ఎంత అన్యాయం! ఇంకొక్కసారి అడిగితే ఆవిడ సొమ్మేం పోయింది? రూమ్మేటు తల పట్టుకుని బకెట్ మీద కూలబడ్డాడు.

సాయంత్రం మా ఆవిడకు ఫోన్ చేశాను. సిగ్గుతో చచ్చిపోతూ జరిగింది చెప్పి, "ఇంకో ఏడాది ఓపిక పడితే..." అని నసిగాను.

"మీరు నోరు తెరిచి అడిగేసరికి దీనికి పెళ్లీడొస్తుంది. ఆ ఒక్క గదిలోనే ఉంటాం. ఆదివారం రైలెక్కుతున్నా. ఆ అబ్బాయిని వేరే గది చూసుకోమనండి" అంది.

నాకు ఏడుపూ సంతోషమూ కలిసి ముంచుకొచ్చాయి. ఫోన్ పెట్టీ పెట్టగానే రూమ్మేటు వైపు తిరిగి, "శనివారానికల్లా నువ్వు గది ఖాళీ చెయ్యాలి. ఇంకో మాట లేదు" అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "పొద్దుగాల ఏడ వోయింది భయ్ ఈ గొంతు?" అన్నాడు.