బాపు పట్టుకున్న తప్పు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను మొహం మీదే ఎగతాళి చేసే మనిషిని నేను. ఇప్పటికీ నమ్మను. ఈ సంగతి ఒక్కటే మింగుడు పడలేదు.

ఎనభైల చివర్లో హుస్సేనీ ఆలంలో అమ్మా, బాపూ, నేనూ ఉండేవాళ్లం. బాపు బేగంబజార్‌లో హమాలీగా చేసినవాడు. ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలుగా మంచం మీదే ఉన్నాడు, నోట మాట లేదు.

నేను కంప్యూటర్ల కంపెనీలో కొత్తగా చేరాను. రెండు కంప్యూటర్లు వైరు మీద మాట్లాడుకోవడానికి, మెషీన్‌ను నడిపే మూలభాగమైన కెర్నెల్‌లో ప్రోగ్రాం రాస్తున్నాను. పంపిన కబురుకు జవాబు రాకపోతే మళ్లీ పంపమని గుర్తుచేయడానికి ఒక టైమర్ ఉంటుంది. దాన్ని ఆఫీసులో సరదాగా అలారం అనేవాళ్లం, కబురు దాచే మెమరీని కమ్రా, అంటే గది, అనేవాళ్లం. ఇంట్లో ఈ మాటలు ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ ప్రోగ్రాం రోజుకు ఒకటి రెండుసార్లు మెషీన్‌ను బిగుసుకుపోయేలా చేసేది. మూడు వారాలు వెతికినా కారణం దొరకలేదు. సోమవారానికి సరిచేయకపోతే ఇక రానక్కర్లేదని మా సారు తేల్చేశారు. ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది.

ఆదివారం పొద్దున ప్రింటు కాగితాలు బాపు మంచం పక్కన పరుచుకుని కూర్చున్నాను. అమ్మ అదే గదిలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"ముందుగాల అలారం బంద్ చెయ్ బిడ్డా. ఎన్కసీరి కమ్రా ఖాలీ చెయ్."

బాపు గొంతు. నా కళ్లు కాగితం మీద రెండు లైన్ల దగ్గర ఆగిపోయాయి. జవాబు రాగానే ముందు మెమరీ ఖాళీ చేసి, తర్వాత టైమర్ ఆపుతున్నాను. ఆ మధ్య రెప్పపాటులో టైమర్ మోగితే, అది అక్కడ లేని కబురును తడుముతోంది, మెషీన్ బిగుసుకుపోతోంది. పెన్సిలుతో లైన్లు తారుమారు చేసి, అప్పుడు లేచాను. బాపు గోడవైపు తిరిగి నిద్రపోతున్నాడు.

సోమవారం రోజంతా మెషీన్ ఆగలేదు. ఉద్యోగం నిలిచింది.

సాయంత్రం ఇంటికొస్తుంటే పక్కింటి దర్జీ ఖాజా భాయ్ ఆపాడు. "మీ బాపుకు మాటొచ్చిందా భాయ్? నిన్న గోడ అవతలికి ఇనబడ్డది."

అమ్మనడిగితే తనకేమీ వినబడలేదంది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. నా పక్కన వచ్చి కూర్చుని అడిగింది. "గొంతు ఎట్లుండె బిడ్డా? ఎప్పటి లెక్కనే ఉండెనా? మొకం ఎట్లుండె?"

ఆ నెలలోనే బాపు పోయాడు, మళ్లీ మాట్లాడకుండానే.

గోడ అవతల వినబడ్డ మాట గదిలో ఉన్న అమ్మకెందుకు వినబడలేదో నేటికీ నాకు తెలియదు. అంతకంటే నన్ను కోసేది వేరే ఉంది. మాట్లాడుతున్నప్పుడు బాపు ముఖం ఎలా ఉందో అమ్మకు చెప్పలేకపోయాను. నేను తలెత్తలేదు.