నాయన ముట్టని రాయి

మట్టికి ఊపిరిపోసి ఇంతకాలం నిలిపిన దేవునికి స్తోత్రం. మొన్న ఆదివారం మార్కాపురంలో మా మందిరంలో పిల్లల పాఠానికి తెరమీద ఒక పాత చిత్రం చూపించారు. బల్లమీద పుర్రె, ఆరిపోయిన కొవ్వొత్తి, వెండి గిన్నెలు, సగం తొక్క తీసిన నిమ్మకాయ, దానిమీద ఈగ. పిల్లలు నవ్వుకున్నారు గానీ నాకు పాత రోజు ఒకటి గుర్తొచ్చింది; అటువంటి పటమే ఒకటి నా చిన్నతనంలో మా ఇంట గోడకు ఆనించి ఉండగా, దానికి ఎదురుగా మా నాయన కూర్చున్నాడు.

నాయన అప్పట్లో చిన్న పలకరాయి గనిని కౌలుకు చేసేవాడు. లోతుకు పోయేకొద్దీ పక్కగోడ జారకుండా మెట్టుమెట్టుగా కొంత రాయిని తవ్వకుండా వదలడం మా పనివాళ్ల ఆనవాయితీ. ఆ ఏడు పైరాయంతా పగుళ్లే. నున్నని నల్లరాయి ఒక మెట్టు కిందనే కనబడింది. గోడను ఆపే ఆ మెట్టును కొట్టేసి రాయి తీస్తే మా కష్టం తీరుతుందని ఆశపడి నాయన, తెల్లవారి దిగమని గనిలోనే పనిచేసే మా మేనమామకు చెప్పాడు. మామకు అప్పటికింకా పెళ్లి కాలేదు. సంగతి తెలిసి అమ్మ ఉపవాసముండి ఇంట్లో ప్రార్థన పెట్టించింది.

మా సంఘం పాస్టరు అయ్యగారు, ఎవరో మిషను దొరసాని వదిలివెళ్లిన ఆ పటాన్ని చంకన పెట్టుకొని వచ్చారు. ఫ్లాండర్స్ అనే దేశంలో వందల ఏళ్ల కిందట గీసిన బొమ్మ అదనీ, అటువంటివి గీయించుకున్నది ఓడల నిండా సరుకు తెచ్చిన షావుకార్లేననీ, కలిమిని చూసి మురిసే కన్ను దాని పక్కనున్న పుర్రెను కూడా చూడాలని అన్నం తినే గదిలోనే తగిలించుకునేవారనీ నిదానంగా చెప్పారు.

నాయన నవ్వి, "కడుపు నిండినోళ్లకు పుర్రె గుర్తొస్తాది అయ్యగారూ, మాకంత తీరిక యాడిది?" అన్నాడు.

అయ్యగారు పటాన్ని నాయనకు ఎదురుగా గోడకు ఆనించి పెట్టారు. అమ్మే ముసుగు సవరించుకొని, "రేపు ఆ మెట్టు కిందికి దిగేది నా తమ్ముడు. ముందు నువ్వు దిగి, పొద్దు తిరిగేదాకా కూర్చోని రా. ఆమీట వాణ్ణి దించు" అన్నది.

తెల్లవారి నాయన ఒక్కడే దిగాడు. మధ్యాహ్నం దాటాక పైకి వచ్చి, ఆ మెట్టును ఎవరూ ముట్టవద్దన్నాడు. కింద ఏమి చూశాడో బతికినన్నాళ్లూ చెప్పలేదు. ఆ మెట్టు తీసి ఉంటే గోడ కూలేదో నిలిచేదో దేవునికే ఎరుక. మాకు మట్టుకు ఆ ఏడూ మరుసటి ఏడూ జొన్నసంకటే. పక్క గనులవాళ్లు నాయనను పుర్రె మేస్త్రీ అని ఎగతాళి చేసేవారు. చివరకు కౌలు పోయి పరుల గనిలో కూలికి దిగాడు. ముసలితనంలో మంచం మీదనే ప్రభువునందు నిద్రించిన నాయన పెట్టెను ముందువైపు మామ, వెనకవైపు మామ కొడుకులిద్దరూ మోశారు.

ఇప్పుడు యంత్రాలు నిట్టనిలువుగా తవ్వుకుంటూ పోతున్నాయి. దించేవాడు ఎక్కడో ఊళ్లో ఉంటాడు, దిగేవాడి పేరు కూడా ఎరుగడు. ముందు నువ్వు దిగు అని అతనితో అనగలిగినవాళ్లు లేరు. నా ఈడువారలారా, ఈ పూట మోకరించినప్పుడు నాతో కలిసి అడగండి: ప్రభువా, పొద్దున గనిలోకి దిగినవారిని సాయంత్రానికి ఇల్లు చేర్చు, దించినవారి కళ్లు తెరువు. ఆమేన్.