డెమో క్లాసులో చెప్పిన జోకు

అశోక్ నగర్‌లో ఒక జిరాక్స్ షాపు మీద, రెండో అంతస్తులో, నేను రెండేళ్లు స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పాను. చేరింది 2010లో. చిక్కడపల్లిలో మా ఇంటి నుంచి నడిచి వెళ్తే పావుగంట. కింద రోడ్డు నిండా గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలుండేవారు. మా మెట్లు ఎక్కేవాళ్లు వేరు. బట్టల షాపుల్లో పనిచేసే అమ్మాయిలు, డిగ్రీ అయిపోయినా ఇంటర్వ్యూల్లో నోరు పెగలని అబ్బాయిలు, పిల్లల స్కూల్లో టీచరమ్మ ఎదుట నిలబడాలంటే భయపడే తల్లులు. నేను చిన్నప్పటి నుంచీ కాన్వెంటులో చదివినదాన్ని. నాకు ఇంగ్లీష్ ఎలా వచ్చిందో నాకే తెలియదు. దాన్ని ఇంకొకరికి ఎలా నేర్పాలో మాత్రం రెండు పుస్తకాలు చదివి తెలుసుకున్నాననుకున్నాను.

ఆ పుస్తకాల్లోంచి రెండు పద్ధతులు పట్టుకున్నాను. క్లాసులో తెలుగు వినిపించకూడదన్నది మొదటిది. అర్థం కాకపోతే చేతులతో చూపించాలి, బొమ్మ గీయాలి, పదిసార్లు అనిపించాలి, అంతేగాని తెలుగులో చెప్పకూడదు. విద్యార్థుల తప్పుల్ని ఒక నోటుబుక్కులో రాసుకోవాలన్నది రెండోది. ఎవరు ఎక్కడ తడబడుతున్నారో చూసుకుని మర్నాటి పాఠం అందులోంచే తయారుచేసుకోవాలి. మంచి పద్ధతులే. తప్పు నాది.

ఆ రోజుల్లో మా క్లాసులో ఒకామె చేరింది, ముప్పై దాటిన మనిషి. కవాడిగూడలో ఉండేది. వాళ్లది మహబూబ్‌నగర్ వైపు పల్లె. సెంట్రింగ్ పనిచేసే భర్తతో నగరానికి వచ్చిందట. ఆయన పోయాక నారాయణగూడలో రక్తపరీక్షలు చేసే సెంటర్లో ఊడ్చి తుడిచే పనికి కుదిరింది. పదో తరగతి దాకా చదివింది కాబట్టి, నాలుగు ఇంగ్లీష్ ముక్కలు నేర్చుకుంటే టోకెన్ల కౌంటర్లో కూర్చోబెడతానని అక్కడి మేనేజరు మాటిచ్చాడట. పొద్దుటి పని ముగించుకుని, సాయంత్రం మా క్లాసుకు వచ్చి రెండో వరుసలో కూర్చునేది. నేను బోర్డు మీద ఏది రాసినా, ఏది పలికినా తెలుగు లిపిలో రాసుకునేది.

తన గురించి తాను చెప్పుకోవడం మొదటి వారం పాఠం. ఆమె లేచి, పేరు, ఊరు చెప్పి, "మై హస్బెండ్ ఈజ్ ఎక్స్‌పైర్డ్" అంది. నేను నా బ్యాగులోంచి మాత్రల అట్ట ఒకటి తీసి, దాని మీది తారీకు అందరికీ చూపించి, ఎక్స్‌పైర్ అయ్యేది ఇది, మనుషులు కాదు అని ఇంగ్లీషులో చెప్పాను. మనుషులైతే "పాస్‌డ్ అవే" అనాలి. అందరితో మూడుసార్లు అనిపించాను. తెలుగు ముక్క వాడకుండా, ఒక వస్తువు చూపించి తప్పు దిద్దానని ఆ పూట నాకు ఎంత గర్వమో. భర్త చావును మాత్రల అట్టతో పోల్చి చూపించానన్న ఆలోచనే రాలేదు.

తర్వాతి వారం మళ్లీ అదే పాఠం. ఆమె లేచి, "మై హస్బెండ్ పాస్‌డ్" అంది. చెప్పి, సరిగ్గా చెప్పానా అన్నట్టు నా ముఖంలోకి చూసింది. నేను నవ్వు ఆపుకుని "గుడ్" అన్నాను. ఆమె కూర్చోగానే నోటుబుక్కులో ఆ వాక్యం రాసుకుని, పక్కన నవ్వుతున్న ముఖం బొమ్మ ఒకటి వేశాను.

శనివారం సాయంత్రాలు డెమో క్లాసు ఉండేది. కొత్తవాళ్లు ఊరికే వచ్చి కూర్చుని, నచ్చితే చేరవచ్చు. ఇన్‌స్టిట్యూట్ నడిపే సారు ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు. "మేడం, గ్రామర్ గీమర్ తర్వాత. ముందు నవ్వియ్యండి. నవ్విండంటే చేరిండన్నట్టే." అందుకని డెమోకు వెళ్లేముందు నా నోటుబుక్కు తిరగేసేదాన్ని. మర్నాటి పాఠాల కోసం మొదలుపెట్టిన పుస్తకం ఎప్పుడు జోకుల పుస్తకమైపోయిందో నేను గమనించలేదు.

ఆ శనివారం గది నిండిపోయింది. గోడవారన నిలబడ్డవాళ్లు కూడా ఉన్నారు. డెమోలో తెలుగు వాడవచ్చు, నవ్వించాలి కదా. "ఒకావిడ నా దగ్గరకొచ్చి, మై హస్బెండ్ పాస్‌డ్ అంది. కంగ్రాట్యులేషన్స్, ఏ క్లాసు అని అడిగాను" అన్నాను. నేను అలా అడగనే లేదు. జోకు పండాలని కల్పించాను. అర్థమైనవాళ్లు పగలబడి నవ్వారు, అర్థం కానివాళ్లకు పక్కవాళ్లు చెప్పారు, అప్పుడు వాళ్లూ నవ్వారు. ఆ రెండో విడత నవ్వు సద్దుమణుగుతుండగా చివరి వరుసలో ఆమె కనిపించింది. పక్కన ఇరవయ్యేళ్ల అమ్మాయెవరో చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతూ నవ్వుతోంది. ఆమె కూడా నవ్వుతోంది. చుట్టూ అందరూ నవ్వుతున్నప్పుడు ఒక్కతే నవ్వకపోతే ఎవరైనా చూస్తారని నవ్వే నవ్వు అది.

పేరు చెప్పలేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మిగతా డెమో ఎలా ముగించానో గుర్తులేదు. చాలామంది చేరారని మాత్రం సారు మెచ్చుకున్నాడు.

సోమవారం ఆమె వచ్చింది. తన వంతు రాగానే లేచి పేరు చెప్పింది, కవాడిగూడ అని చెప్పింది, ఒక కూతురుందని చెప్పింది, కూర్చుంది. భర్త మాట ఎత్తలేదు. నేను "గుడ్" అన్నాను.

ఇంతవరకూ జరిగింది పొరపాటని అనుకోవచ్చు. తర్వాతి శనివారం చేసినదాన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. సారు తలుపు దగ్గర నిలబడి, "మేడం, ఆ పాస్‌డ్ జోక్ చెప్పండి" అన్నాడు. నేను గదంతా ఒకసారి కలయజూశాను. ఆమె లేదని రూఢి చేసుకున్నాక, చెప్పాను. మళ్లీ అంతే నవ్వారు.

మరో రెండు రోజులకు క్లాసయ్యాక ఆమె బల్ల దగ్గర ఆగింది. మిగతావాళ్లు మెట్లు దిగేదాకా చూసి, "మేడం, జర ఒక మాట అడగాలె" అంది.

"ఇన్ ఇంగ్లీష్ ప్లీజ్" అన్నాను. అలవాటు కొద్దీ వచ్చేసింది.

ఆమె నోరు తెరిచి, "మేడం, మై..." అని ఆగిపోయింది. "రాదు మేడం. గిది తెలుగులనే అడుగుత" అంది.

"అడగండి."

"సచ్చిపోయిండని ఎట్ల చెప్పాలె? కరెక్ట్‌ది రాసియ్యుండ్రి. మొదలు ఎక్స్‌పైర్ అన్న, వద్దన్నరు. మల్ల మీరు చెప్పిందే చెప్పిన. దానికి గూడ నవ్విన్రు. కౌంటర్ల కూసోవెట్టే ముందుగల మా మేనేజర్ అన్ని అడుగుతడంట."

నేను చెప్పింది పాస్‌డ్ కాదు, పాస్‌డ్ అవే అన్నాను. ఆమె సంచిలోంచి నోటుబుక్కు తీసి ఆ పేజీ తెరిచింది. నీలం ఇంకుతో, గుండ్రటి అక్షరాల్లో "పాస్‌డ్ అవే" అని రాసి ఉంది. అవే అన్నదాన్ని గీత పెట్టి కొట్టేసింది.

"ఇది ఎందుకు కొట్టేశారు?"

"అవే అంటే... అవే మల్లొకసారి అనుండ్రి అని మాకు చెప్తున్నరు అనుకున్న మేడం. క్లాసుల తెలుగు మాట్లాడొద్దంటిరి గద. అది తెలుగు ముచ్చటనే అని ఇడిసిపెట్టిన."

తెలుగు లిపిలో రాస్తే అది తెలుగు మాటే. నేను పదే పదే అనిపిస్తూ అవే అంటే, ఎవరికైనా అలాగే తోస్తుంది. నా నియమాన్ని ఆ క్లాసులో అందరికన్నా నిజాయితీగా పాటించినందుకే ఆమె వాక్యం తప్పయింది. అర్థమైందా అని ఒక్కసారి తెలుగులో అడిగి ఉంటే సరిపోయేది.

ఆమె పుస్తకంలో "మై హస్బెండ్ డైడ్" అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసిచ్చాను.

"గింతేనా? ఇట్లంటే మర్యాదనేనా మేడం?"

"మర్యాదే. ఎవరూ నవ్వరు."

ఆమె పుస్తకం మూసింది. నేను సారీ అన్నాను. ఇంగ్లీష్ మాట కావడం వల్ల అది సులువుగా నోట్లోంచి వచ్చింది.

"మీకేం ఎరుక మేడం, మేమొచ్చినమని" అంది. డెమో రోజు పక్కన కూర్చుని నవ్వినది ఆమె ఆడబిడ్డట, చనిపోయినాయనకు సొంత చెల్లెలు. సుల్తాన్ బజార్‌లో బట్టల షాపులో పనిచేస్తుంది. కొత్తవాళ్లను తీసుకురమ్మని మేమే చెప్పాం కదా అని వెంట తీసుకొచ్చిందట. "ఆమె గూడ నవ్వింది గద. ఆ మాటన్నది నేనేనని ఆమెకెరుకలేదు. మెట్లు దిగుతుంటె నా మొకం జూసి సమజైంది. వాళ్లన్న మీదనే నవ్విన్నని ఇంటిదాంక ఒకటే ఏడ్పు. ఇగ ఆమె రాదంట మేడం."

మొన్న శనివారం కూడా అదే జోకు చెప్పానని నేను ఆమెకు చెప్పలేదు. ఆమె నన్ను క్షమించింది తెలియక చేశాననుకుని. ఆ జోకులోని భర్త చనిపోయాడని నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

ఆ తర్వాత నేను ఆ జోకు మానేశాను, క్లాసులో అప్పుడప్పుడు తెలుగు రానిచ్చాను. నా డెమోలు చప్పబడ్డాయి. సారు ఒక నెల చూసి, డెమోలు ఇంకో టీచరుకు అప్పగించాడు. ఒక శనివారం పక్క గదిలో పుస్తకాలు సర్దుకుంటుంటే గోడవతల నుంచి "కంగ్రాట్యులేషన్స్, ఏ క్లాసు?" అని వినబడింది, వెనకే నవ్వు. వెళ్లి ఆపలేదు. నోటుబుక్కు చింపేశాను గాని ఏం లాభం? ఆ జోకు ఇప్పుడు అందరిదీ అయిపోయింది. 2012లో ఆ ఉద్యోగం వదిలేశాను.

ఆమెను మళ్లీ చూసింది 2013లో. అమ్మకు షుగర్ పరీక్ష చేయించడానికి నారాయణగూడ వెళ్తే, టోకెన్ల కౌంటర్ వెనక ఆమే కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, "మేడం, మంచిగున్నరా?" అంది. అమ్మను క్యూలో నిలబడనివ్వకుండా కుర్చీ చూపించింది. ముందున్న పెద్దాయన ఇంగ్లీషులో ఏదో అడిగితే, "రిపోర్ట్ ఈవినింగ్ సార్, ఫైవ్ ఓ క్లాక్" అని తొణక్కుండా చెప్పింది. నా ముఖంలోకి చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు ఆమెకు.

"మీ ఆడబిడ్డ బాగుందా?" అని అడిగాను.

"గదే షాపుల ఉన్నది మేడం. ఇంగ్లీష్ నేర్సుకొమ్మంటె ఇనది. నాకొద్దు అంటది." షాపు ఎక్కడో అడిగితే గుర్తులు చెప్పింది.

తర్వాతి ఆదివారం సుల్తాన్ బజార్ వెళ్లాను. ఆ అమ్మాయికి ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాను. షాపు దొరికింది. లోపల నలుగురైదుగురు అమ్మాయిలు డ్రెస్ ముక్కలు మడతపెడుతున్నారు. అందరూ ఒకే వయసువాళ్లు. వాళ్లలో ఆమె ఎవరో నాకు తెలియలేదు. ఆ రోజు ఆమె ముఖం చున్నీ వెనక ఉంది, నేను నవ్వును మాత్రమే చూశాను. పేరు కూడా అడిగి రాలేదు.

"ఏం జూపియ్యాలె అక్కా?" అంది దగ్గరున్న అమ్మాయి.

"ఏం వద్దమ్మా, ఊరికే చూస్తున్నా" అన్నాను. ఆ అమ్మాయి తల ఊపి తన పని తాను చేసుకుంది. నేను బయటికి వచ్చేశాను.