నీచు మానిన ఇల్లు

తలుపులమ్మకి అన్నప్రాసన నాడే వాళ్ళమ్మ మహాలక్ష్మమ్మ వేలి చివరతో చేపల పులుసు నాకించిందని ఉప్పాడ పల్లెలో నవ్వుతూ చెప్పుకునేవారు. సముద్రం మీద బతికే ఇంట్లో పుట్టిన పిల్ల. పళ్ళు రాకముందే నెత్తళ్ళ వాసన తెలుసు. పరికిణీ కట్టేనాటికి చందువ చేప కడుపు ఎక్కడ కోస్తే చేదు తిత్తి పగలకుండా ఉంటుందో తెలుసు. వాళ్ళమ్మ పులుసులో చింతపండుకి బదులు పచ్చి మామిడికాయ చెక్కలు వేసేది. ఆ పులుసు మర్నాడు చద్దన్నంలోకి ఉంచేవారు గానీ, మర్నాటిదాకా మిగిలేది కాదు.

ఆమెను గంగయ్యకిచ్చి చేశారు. అతనిదీ ఆ పల్లే. పెళ్ళయిన కొత్తల్లోనే తుఫానుకి పడవ పగిలి, కుడి భుజం దెబ్బతిని, వల విసరడానికి పనికిరాకుండా పోయాడు. కొన్నాళ్ళు కాకినాడ రేవులో నూలు బేళ్ళ దగ్గర కాపలా ఉన్నాడు. ఆ బేళ్ళు పెద్దాపురం గున్నయ్యశెట్టిగారివి. ఆయన ఉప్పాడ సాలెవాళ్ళకి నూలిచ్చి, నేసిన చీరలు తెప్పించుకుని అమ్మేవారు. ఉప్పాడలో ప్రతి గడపా ఎరిగినవాడు, నోరు మంచివాడు, చెయ్యి శుభ్రమైనవాడు దొరికాడని శెట్టిగారు గంగయ్యని చేరదీశారు. కొట్టు వెనకాల వసారా, రెండు గదులూ ఇచ్చి, కాపురం పెట్టమన్నారు.

ఇస్తూ ఒక్క మాటన్నారు.

“గంగయ్యా, బయట నువ్వేం తిన్నా నేనడగను. ఈ కప్పు కింద మాత్రం నీచు ఉడకడానికి వీల్లేదు. చీర మడతలోకి ఆ వాసనెక్కిందంటే పెళ్ళివారు మొహాన కొట్టి పోతారు.”

గంగయ్య చేతులు కట్టుకుని సరేనన్నాడు. తలుపులమ్మకి ఆ సంగతి పెద్దాపురంలో బండి దిగి, సామాను సర్దుకున్నాక చెప్పాడు. ఉప్పాడ నుంచి తెచ్చుకున్న ఎండుచేపల మూట ఆ సాయంత్రమే బండివాడి చేతిలో పెట్టి పంపేశాడు.

మొదట్లో ఆమెకి అన్నం గడ్డి నమిలినట్టుండేది. ఇంగువ తిరగమోత పడితే తల తిరిగేది. శెట్టిగారి భార్య దయగల మనిషి. పెరటి గోడ అవతల నిలబడి కంద ఎలా చెక్కాలో, బచ్చలి ఎప్పుడు వెయ్యాలో, పనసపొట్టులో ఆవ ఎంత పెట్టాలో చెప్పేది. చెప్పేది గానీ ఆ గోడ దాటి వచ్చి రుచి చూడలేదు. తలుపులమ్మ నేర్చుకుంది. గుమ్మడికాయ పులుసులో మామిడి చెక్కలు వేసి, కళ్ళు మూసుకుని తినేది. ఏటా ఆషాఢంలో మరిడమ్మ జాతరకి మాత్రం కోడిని మొక్కేవాళ్ళు. అదీ గుడి వెనకాల తోపులోనే వండుకుని, తిని, తలంటుకుని ఇంటికొచ్చేవాళ్ళు. తక్కిన ఏడాదంతా పప్పే.

గంగయ్య మాత్రం నూలు మూటలతో నెలకోసారైనా ఉప్పాడ వెళ్ళేవాడు. తననీ తీసుకెళ్ళమని ఆమె అడిగితే, ఒకసారి వాగు పొంగిందనీ, ఒకసారి బండిలో చోటు లేదనీ అనేవాడు.

పెద్దవాడు భీమరాజు పుట్టినప్పుడు కాన్పు పుట్టింట్లోనే జరిగింది. అది ఈ కాపురానికి ముందు మాట. రెండోసారి ఆడపిల్ల పుట్టింది. ఆ కాన్పు వానల్లో పెద్దాపురంలోనే అయింది. పురుడింకా తీరలేదు, మూలగదిలో పడుకుని ఉంది తలుపులమ్మ. వీధివైపు తల్లి గొంతు వినిపించింది. పిల్లని పక్కన పెట్టి లేచి కూర్చుంది. గడప దాటకూడదు, అరిచి పిలుద్దామంటే కొట్లో శెట్టిగారున్నారు. అమ్మ ఎలాగూ లోపలికొస్తుంది కదా అని కొంగు సర్దుకుని చూస్తూ కూర్చుంది. బయట గంగయ్య ఏదో నెమ్మదిగా చెబుతున్నాడు. తల్లి గొంతు ఒకసారి పైకి లేచి, తగ్గిపోయింది. ఆ తరవాత వినపడలేదు.

మీ అమ్మ వచ్చింది, బండి వెళ్ళిపోతోందని ఆగలేదు, పిల్లని దీవించానని చెప్పమంది అన్నాడు గంగయ్య, లోపలికొచ్చి. అంతదూరం వచ్చి మొహం చూడకుండా పోయిందా అని ఆమె ఆ రోజంతా గోడకేసి తిరిగి పడుకుంది.

మళ్ళీ మహాలక్ష్మమ్మ ఆ గుమ్మం తొక్కలేదు.

చాన్నాళ్ళకి ఒక్కసారి, తమ్ముడు బుల్లియ్య కొత్త పడవ నీట దింపే వేళకి, గంగయ్య ఆమెని ఉప్పాడ తీసుకెళ్ళాడు. వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావాలన్న షరతు మీద. తల్లి కౌగిలించుకోలేదు. దూరంగా నిలబడి, బాగున్నావా అంది. ఇల్లంతా చేపల పులుసు వాసన. తలుపులమ్మ నోట్లో నీళ్ళూరాయి. విస్తరి వేశారు. కొత్త కుండలో విడిగా వండిన ముద్దపప్పు, కాస్త నెయ్యి తెచ్చి తల్లి వడ్డించింది. వడ్డించి, కొంగు ముక్కుకి దగ్గరగా పట్టుకుని తన చీర తానే వాసన చూసుకుని, వెనక్కి జరిగింది. పక్క విస్తట్లో గంగయ్య కూడా తలొంచుకుని పప్పన్నమే తిన్నాడు.

కన్నతల్లి తనకి చేప ముక్క కూడా పెట్టలేదు. పరాయిదాన్ని చేసిందనుకుంది తలుపులమ్మ. నోరు తెరిచి అడిగితే పోయేది. అడగలేదు. ఆమెకీ తల్లి పోలిక పట్టుదల ఉంది. బండెక్కాక కళ్ళు తుడుచుకుంది.

మహాలక్ష్మమ్మ జ్వరంతో పోయిందని కబురొచ్చేసరికి దహనం అయిపోయింది. పెద్దదినానికి తలుపులమ్మ పిల్లల్ని తీసుకుని ముందుగా వెళ్ళింది. గంగయ్య కొట్లో పని చూసుకుని వస్తానన్నాడు, రాలేదు. పోయినామెకి ఇష్టమని ఆ రోజు చందువ పులుసు వండారు, మామిడి చెక్కలేసి. బుల్లియ్య భార్య చిన్నమ్మాయి వడ్డిస్తూ వచ్చి, తలుపులమ్మ దగ్గర ఆగి, గిన్నె పక్కకి తిప్పుకుంది.

“నాకూ వెయ్యి,” అంది తలుపులమ్మ.

చిన్నమ్మాయి కంగారు పడింది. “నీకు పడదు కదొదినా? వాసనకే కడుపులో తిప్పుతాదంట కదా. నీ పురుడప్పుడు అత్త పులుసు గిన్నె నెత్తినెట్టుకుని అంతదూరం వస్తే, ఆ గిన్నెతో గుమ్మంలోకి రావద్దని నువ్వు లోపల్నించి చెప్పించేవంట. అన్నయ్యగారే చెప్పేరు.”

చిన్నమ్మాయి మంచిదే, మనసులో ఏదీ దాచుకోలేదు. మాటలో మాటగా తక్కినదీ చెప్పింది. గంగయ్య సరుకు కోసం వచ్చినప్పుడల్లా అత్త చేతి పులుసు తినకుండా వెళ్ళేవాడు కాడట. ఆయన వచ్చే రోజు తెలిస్తే ముసలామె తెల్లారే ఒడ్డుకి పోయి మంచి చేప ఏరి తెచ్చేదట. తిన్నాక సున్నిపిండితో చేతులు రుద్దుకుని, చెరువులో స్నానం చేసి బండెక్కేవాడట. నా కూతురెలా ఉంది బాబూ అని అడిగితే, సుఖంగా ఉందత్తా, శెట్టిగారింటి మనిషిలా అయిపోయింది అనేవాడట. దాని సుఖమే కావాలి, నా కంపు దానికెందుకు అనుకునేదట ఆవిడ. పోయే ముందు కూడా, కబురు చేస్తాం అంటే, వద్దు, ఈ ఇంట్లో అది ఉండలేదు అందట.

పులుసు విస్తట్లో పడింది. తలుపులమ్మ ముక్క విరిచి, అన్నంలో కలిపి నోట్లో పెట్టుకుంది. అన్నేళ్ళుగా కళ్ళు మూసుకుని తలుచుకున్న రుచి. గొంతు దగ్గరికి రాగానే కడుపు లోపల్నించి తన్నుకొచ్చింది. మింగబోయింది. వల్ల కాలేదు. విస్తరి ముందునుంచి లేచి పరుగెత్తి, దడి పక్కన కక్కుకుంది.

వెనక్కి తిరిగేసరికి బంధువుల ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. తల్లి ఈడు ముసలమ్మ ఒకామె చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

“పోన్లేమ్మా. పడదని తెలిసిందే కదా. బలవంతం చేసుకోమాక.”

గంగయ్య అన్నది అబద్ధమని చెప్పడానికి తలుపులమ్మ నోరు తెరిచింది. ఎవరు నమ్ముతారు? నీళ్ళు పుక్కిలించి ఉమ్మి, చెంబు తిరిగి ఇచ్చేసింది.

పెద్దాపురం వచ్చాక పిల్లలు నిద్రపోయేదాకా కూడా ఆగలేదు. కాళ్ళు కడుక్కుంటూనే అడిగింది. గంగయ్య బుకాయించలేదు. భుజం రుద్దుకుంటూ చెప్పాడు.

“శెట్టిగారు కొట్లో ఉన్నారు. ఆవిడ ఆ గిన్నెతో గుమ్మంలో నిలబడింది. నేను వద్దంటున్నానంటే జన్మలో నా మొహం చూడదు. నువ్వంటే కూతురివి. నీ మీద పెడితే కడుపులో పెట్టుకుంటాదనుకున్నాను.”

“పెట్టుకుంది,” అంది తలుపులమ్మ. “పెట్టుకునే పోయింది.”

జవాబు కోసం ఆగకుండా పొయ్యి దగ్గరికెళ్ళి ఎసరు పెట్టింది.

కొన్నేళ్ళకి శెట్టిగారు కాలం చేశారు. గంగయ్య అప్పటికి సొంతంగా చీరల వ్యాపారం పెట్టి, వేరే వీధిలో ఇల్లు కట్టాడు. ఆ వీధి వర్తకులు అతని అరుగు మీద కూర్చునేవారు, తమలపాకులు పుచ్చుకునేవారు. భోజనానికి పిలిస్తే మాత్రం ఒంట్లో బాగాలేదనేవారు. అన్నేళ్ళు పప్పు తిన్నా అంతే. ఆ ఉక్రోషంలోనో, భార్య మీద జాలితోనో, ఒకరోజు ఉప్పాడ నుంచి తాటాకు బుట్టలో చందువ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఇది మన ఇల్లు, ఎవరికీ భయపడక్కర్లేదు, వండుకుని తిను అన్నాడు.

తలుపులమ్మ వండింది. చేతులు ఏదీ మరిచిపోలేదు. పొలుసు గీకి, కడుపు కోసి, మామిడి చెక్కలేసి దించింది. ముక్కుకి కొంగు అడ్డం కట్టుకుని వండింది. మొత్తం అతని విస్తట్లోనే వడ్డించి, ఎదురుగా కూర్చుంది. గంగయ్య ఆత్రంగా రెండు ముద్దలు తిన్నాడు. మూడోది కలుపుతూ ఆగాడు.

“బాగానే ఉంది గానీ, మీ అమ్మ చేతి రుచి రాలేదే,” అన్నాడు.

ఆమె ఆ కుండ చాకలామెకి ఇచ్చేసింది. ఆ తరవాత ఆ ఇంట్లో నీచు వండలేదు. ఎవరూ అడగనూ లేదు. గంగయ్య ఉప్పాడ వెళ్ళినప్పుడు తిన్నాడో లేదో ఆమె విచారించలేదు. అతని చేతులు వాసన చూడాలని ఆమెకెప్పుడూ అనిపించలేదు.

గంగయ్య పోయాక పెత్తనం భీమరాజుకి వచ్చింది. కోడలు సత్తెమ్మ చుట్టపక్కాలతో గొప్పగా చెప్పుకునేది, మా అత్తగారు గొప్ప నిష్ఠాపరురాలు, పల్లె వదిలిన రోజునే చేప వదిలేసిందీ, ఆవిడ వల్లే ఈ ఇంటికి మర్యాద వచ్చిందీ అని. మరిడమ్మ మొక్కుబడి కోడిని కూడా మాన్పించి గుమ్మడికాయ కొట్టించింది. ఆ మాటలు విని భీమరాజు ఒకరోజు తల్లి పక్కన కూర్చుని, చిన్నప్పుడు నాకు తెలియలేదమ్మా, ఎంత నియమం పట్టావు అన్నాడు.

తలుపులమ్మ వాడి గొంతు వినిపించిన వైపు తిరిగింది. అప్పటికే చూపు మందగించింది.

“నేనేం పట్టలేదురా,” అంది. “నాకు పడదని మీ నాన్న అన్నాడు. అన్నాక పడలేదు.”

భీమరాజుకి అర్థం కాలేదు. పెద్దవయసులో మాట తడబడుతోందనుకున్నాడు. సత్తెమ్మ విస్తళ్ళు వేసి, కంద బచ్చలి కూర వడ్డించి పిలిచింది. తలుపులమ్మ లేచి వెళ్ళి, పెట్టింది పెట్టినట్టు తినేసి, చెయ్యి కడుక్కుంది.