పెద్దాయన పరిచిన పేపరు

ప్లాట్‌ఫారం మీద కూర్చోవడానికి పేపరు పరిచే ముందు, అందులో ఏముందో ఇప్పటికీ ఒకసారి చూస్తాను.

ఆ రోజు మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలు ఆలస్యం, బెంచీలు ఖాళీ లేవు. నా పేపరులో ఒక షీటు నేను పరుచుకుని, ఇంకొకటి పక్కన నిలబడ్డ పెద్దాయనకు ఇచ్చాను. ఆయన దాన్ని పరిచి, కూర్చోబోతూ ఆగాడు.

“ఈ ఫొటోలో ఉండేది ఎవరు తమ్ముడూ?”

ఎక్కడో యుద్ధంలో చనిపోయిన విలేకరులని, వాళ్లను కాల్చాడని ఒక సైనికుణ్ణి పరాయి దేశపు కోర్టులో విచారిస్తున్నారని చదివి చెప్పాను.

“నేనూ మిలిట్రీలో చేసినాను. కాల్చమంటే కాల్చినాం. అవతల పడింది ఎవరని పోయి చూసింది లేదు,” అన్నాడు, ఓపిక లేనట్టు.

“అయితే ఇతని తప్పేం లేదంటారా?”

“అట్ల అనలా నాయనా.”

వట్టి సిమెంటు మీద కూలబడ్డాడు. పేపరు ఆయన పక్కన పరిచినట్టే ఉంది. కాసేపటికి మూటతో వచ్చిన ఒకామె దాన్ని చూసి ఆగింది.

“ఇక్కడ ఎవరన్నా ఉండారా అన్నా?”

ఆయన ఆ ఫొటో మీద చెయ్యి పెట్టాడు.

“ఉండారమ్మా. నువ్వు ఇటు పక్క కూచో.”