పేరు కొట్టించిన కంచాలు

పరుశురాం లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. కనకవ్వకు ఒళ్లు మండేది అందుకే. తప్పుంటే తిట్టొచ్చు. సూరత్ నుంచి వరంగల్లుకు ఇల్లు మార్చాలంటే ఎంతవుతుందో అతను రెండు వారాలుగా మంచం మీద కూర్చుని, ఫోన్‌ను వేలితో పొడుస్తూ లెక్క కడుతూనే ఉన్నాడు. ప్యాకింగ్ కంపెనీవాళ్లు చెప్పిన రేటు విని "ఆ పైసలతోని కొత్త సంసారమే కొనొచ్చు" అని ఫోన్ పెట్టేశాడు. ఆఖరికి చీరల లారీ దొరికింది. సూరత్ చీరల మూటలు వరంగల్లు దుకాణాలకు పోతుంటాయి కదా, ఆ మూటల పైన మిగిలిన జాగాలో ఇంటి సామాను వేసుకోనిస్తారు. ఎంత జాగా పడితే అంత కిరాయి. క్యాబిన్‌లో ఒక మనిషి ఊరికే కూర్చుని పోవచ్చు. ఆ మనిషి కనకవ్వేనని కూడా అతనే తేల్చాడు. తనూ, భార్యా, బిడ్డా రైల్లో పోతారట. అరవై ఏళ్లకు దగ్గరపడ్డ తల్లి మాత్రం లారీలో.

"ఒక టికెట్టు మిగులుతది గదా అవ్వా" అన్నాడు, ఏదో ఘనకార్యం చేసినట్టు.

పరుశురాం సూరత్ పక్కన కడోదరాలో ప్రింటింగ్ మిల్లులో సూపర్‌వైజరు. వరంగల్లు దగ్గర కొత్తగా పెట్టిన బట్టల ఫ్యాక్టరీలో ఇంతకంటే మంచి జీతం ఇస్తామన్నారు. సొంత జిల్లా, సొంత భాష, పోకుండా ఎవరుంటారు? పోవడానికి కనకవ్వ కూడా అడ్డు చెప్పలేదు. ఒక్కటే షరతు పెట్టింది. "ఆ ఫ్యాక్టరీ కాడ నాకొక రూము చూడు. ఆడ గూడ మెస్సు పెడ్త. నా పొయ్యి నాకుండాలె." పరుశురాం తల ఊపాడు. ఆ తల ఊపడాన్ని ఆమె మాట ఇవ్వడం అనుకుంది. కన్నకొడుకు కదా, కాగితం రాయించుకుంటుందా?

కడోదరాలో తెలంగాణ వాళ్లు ఎవరిని అడిగినా కనకవ్వ మెస్సు చూపిస్తారు. బోర్డు లేదు, బల్లలు లేవు. రెండు రూములు, ముందు ఒక రేకుల పంచ. ఆమె మగడు బ్రహ్మచారి జోల్వాలో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు నడిపేవాడు. ఊరివాళ్లు నలుగురు పనికొచ్చి, రోజూ గుజరాతీ హోటల్లో తియ్యటి పప్పు తినలేక ఏడుస్తుంటే, "మా ఇంటిది వండుతది రాండ్రి" అని పిలుచుకొచ్చాడు. ఆ నలుగురు పదిమందయ్యారు. ఒకనాడు పొద్దున షిఫ్టు దిగి వచ్చి, గుండె పట్టుకుని బ్రహ్మచారి గడపలోనే కూలబడ్డాడు. అప్పటికి పరుశురాం బడికి పోయే పిల్లవాడు. పెద్దదినం అయిన మర్నాడే కనకవ్వ మళ్లీ పొయ్యి వెలిగించింది. ఆ పొయ్యి మీదే కొడుకు డిప్లొమా చదివాడు, పెళ్లి చేసుకున్నాడు, సూపర్‌వైజరయ్యాడు.

ఆ మెస్సుకు ఒక కట్టుబాటుంది. చేరేవాడు తన కంచం తాను తెచ్చుకోవాలి, దాని అంచు మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉండాలి. ఇక్కడి గిన్నెల దుకాణంలో తెలుగు కొట్టేవాడు దొరకడు కాబట్టి అందరూ ఊరి నుంచే కొట్టించుకుని, సంచిలో బట్టల మధ్య పెట్టుకుని వస్తారు. కంచం కనకవ్వ గూట్లో చేరిందంటే ఆ మనిషి ఇంటివాడైనట్టు. జ్వరమొస్తే జావ కాస్తుంది, తాగొస్తే చీపురు తీస్తుంది. పని మానుకుని ఊరికి పోయేనాడు ఆమె కంచం తోమి, తుడిచి, చేతికిస్తుంది. కంచం లేకుండా వచ్చినవాడు గెస్టు. వాడు ముందు డెబ్బై రూపాయలు పెట్టాలి, తర్వాతే అన్నం. చుట్టమైనా అంతే. బ్రహ్మచారి కంచం మాత్రం ఎవరి చేతికీ ఇచ్చేది లేదు కాబట్టి, అందులో ఆమే తింటోంది.

ఆ శుక్రవారం పొద్దున పరుశురాం తన లెక్క భార్య సంతోషికి చదివి వినిపిస్తున్నాడు. ఇంటి అడ్వాన్సు, లారీ, హమాలీలు, పాలు పొంగించే ఖర్చు. కనకవ్వ ఎదురుగా కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది.

"నువ్వు గూడ నౌకరీ చేస్తనంటున్నవ్ గదా. పిల్లకు ఆయాను పెడితే నెలకు ఎనిమిది వేలు. అవ్వ ఉంటది కాబట్టి ఆ ఖర్చు తీసేసిన" అన్నాడు.

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. "నన్ను అడిగినవారా?"

"నిన్ను అడిగేదేందవ్వా? నీ మనుమరాలే గదా."

"మనుమరాలిని ఎత్తుకుంట, ఆడిస్త. మరి నా మెస్సు?"

"చూద్దాం తియ్. ముందైతే పోనీ. ఈ వయసుల నీకెందుకా చాకిరి?"

కనకవ్వకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు, ఇంకా లారీ కూడా ఎక్కని తన చేతులకు ఆ ఊళ్లో పని ఒప్పజెప్పేశాడు. జీతం లేని పని. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఏమిటో ఆమెకు ఆ పూట తెలిసింది. అయినా నోరు పారేసుకోలేదు. లేచి వెళ్లి, వంట చేసే పెద్ద గంజులు రెండూ, అన్నం గరిటెలూ తనే గోనెపట్టాలో చుట్టి, తాడు బిగించి ఒక మూలకు పెట్టింది. మర్నాడు వంటకు మళ్లీ విప్పాల్సి వస్తుందని తెలిసీ కట్టింది. "ఇవి లారీల పోతయ్. నా సామాను" అని ఇల్లంతా వినపడేట్టు చెప్పింది.

ఆదివారం సంతోషి దగ్గరికొచ్చి చేరింది. "అత్తమ్మా, ఇన్నేండ్లు సూరత్‌ల ఉండి సముద్రం చూడకపోతివి. పోయేముందు డుమస్ పోయొద్దాం, దా." కోడలు ఎప్పుడూ అంత ముద్దుగా పిలవలేదు. కనకవ్వ పొద్దున్నే రాత్రికి సరిపడా పప్పుచారు కాచి, గంజు మీద మూతపెట్టి, బియ్యం కడిగే పని వచ్చాక చూసుకోవచ్చని బయలుదేరింది.

సముద్రం బాగుంది. నల్ల ఇసుక, ఎక్కడో దూరాన నీళ్లు. పిల్ల కేరింతలు కొట్టింది. సంతోషి టమాట బజ్జీలు కొని తినిపించింది. మంట మంటగా, వేడివేడిగా ఉన్నాయి. కోడలు మంచిదే, నేనే అనవసరంగా అనుకున్నా అని కనకవ్వ మెత్తబడింది కూడా. సంతోషి మాటిమాటికీ ఫోన్ చూసుకోవడం ఆమె గమనించింది కానీ, ఈ కాలపు పిల్లలకు అది మామూలే కదా అనుకుంది.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరారు. పంచలో గూడు ఖాళీగా ఉంది. కంచాలు లేవు. గోనెపట్టా ఉంది, దానిలోకి చుట్టాల్సిన గంజులు లేవు. స్నానాల బకెట్ ఒకటి వంటింటి మధ్యలో ఉంది. దాని నిండా పప్పుచారు.

కనకవ్వ ఆ బకెట్‌లోనే పొద్దున పిల్ల ఉచ్చబట్టలు ఉతికింది.

"పరుశురాం!"

అతను లోపలి రూములోంచి వచ్చాడు, పక్కింటి వాళ్లకు వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించి. "అవ్వా, జర విను. ఆ గంజులే లారీల సగం జాగ తింటున్నయ్. అమ్మబోతే అడివి అయింది, ఎవ్వడు కొంటలేడు. పాత సామానోడు కిలోల లెక్క తీసుకుంటనన్నడు. ఇచ్చేసిన."

"కంచాలు?"

"అవి గూడ తూకానికే. మంచి స్టీలని రేటు జాస్తి ఇచ్చిండు. పోరగాళ్లకు కాయిదం ప్లేట్లు తెచ్చిన, ఇంక ఐదు రోజులే గదా."

"అవి నీవారా? ఎవ్వనివిరా అవి? దశరథంది ఉంది, చిరంజీవిది ఉంది. వాళ్లు నమ్మి నా గూట్ల పెట్టిండ్రు. నేను దొంగనారా? కనకవ్వ కంచాలు అమ్ముకొని ఊరికి పోయిందని జోల్వా అంతా చెప్పుకోవాలెనా?" గొంతు పంచ దాటి వీధిలోకి పోయింది. పోనీ. "నన్ను సముద్రానికి పంపి నా ఇల్లు దోస్తివా? నువ్వు గూడనా సంతోషీ? బజ్జీలు తినిపించి?"

సంతోషి పిల్లను చంకనేసుకుని గోడ వైపు తిరిగింది.

అప్పుడే షిఫ్టు దిగిన వాళ్లు రావడం మొదలైంది. అందరికంటే ముందు దశరథం. బ్రహ్మచారి తెచ్చిన మొదటి నలుగురిలో ఇతనొక్కడే మిగిలాడు. ఎప్పటిలాగే గూటి దగ్గరికి పోయి, చెయ్యి చాచి, ఏమీ తగలక వెనక్కి చూశాడు. కనకవ్వ దాచలేదు. "నా కొడుకు అమ్మిండు అన్నా. మీ కంచాలు పాత ఇనుము కింద అమ్మిండు. నడువుండ్రి, తెచ్చుకుందాం." సిగ్గుతో ఆమె ముఖం కాలిపోతోంది. ఆ సిగ్గు కొడుకు పడాల్సింది, పడడు కాబట్టి తనే పడుతోంది.

పాత సామాను దుకాణం రోడ్డు మీదే ఉంది. పదిహేనుమంది మగవాళ్లు, ముందు ఒక ఆడమనిషి నడిచి వస్తుంటే దుకాణం సేటు లేచి నిలబడ్డాడు. తూకం వేసి కొన్నాను, తూకం వేసే అమ్ముతాను అన్నాడు. కొన్న రేటు ఒకటి, చెప్పే రేటు ఒకటి. కనకవ్వ కుప్పలోంచి ఒక కంచం లాగి అతని ముక్కు దగ్గర పెట్టింది.

"పఢో సేఠ్. కిస్‌కా నామ్ హై? తేరే బాప్‌కా?"

ఎవరి పేరో చదవమంటే అతనికి ఆ తెలుగు అక్షరాలు తెలియవు. దశరథం ఆ కంచం అందుకుని, వేలితో చుక్కల మీద రాస్తూ తన పేరు చదివాడు. చిరంజీవి తనది వెతుక్కున్నాడు. ఒక్కొక్కడూ కుప్పలో చెయ్యి పెట్టడం, పేరు చదివి చంకలో పెట్టుకోవడం. సేటు కాసేపు అరిచాడు, తర్వాత వాళ్లను చూసి, కొన్న రేటుకే ఒప్పుకున్నాడు. కనకవ్వ బొడ్లోని సంచి విప్పి ఇచ్చింది. గంజులకూ ఇచ్చింది. ఆఖరుకు కుప్ప అడుగున, కుళాయి ముక్కల మధ్య, బ్రహ్మచారి కంచం దొరికింది. అంచు సొట్టపడింది. ఆమెకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని ఈ కంచంలో ముద్దలు తిన్నవాడే దీన్ని తూకానికి వేశాడు.

ఇంటికొచ్చి బకెట్ మోరీలో కుమ్మరించింది. గంజులు తోమి బియ్యం ఎక్కించింది. ఉల్లిగడ్డ కారం నూరి, కోడిగుడ్ల పొరటు చేసింది. ఎవరూ ఆలస్యమైందని గొణగలేదు, ఇద్దరు నీళ్లు కూడా పట్టుకొచ్చారు. పంచలో బంతి సాగింది. ఆమె వడ్డిస్తూనే, అందరూ వింటుండగా చెప్పింది.

"నేను పోతలేను దశరథమన్నా. ఈ రూముల కిరాయి ఇన్నేండ్లు కట్టింది నేను, రేపు ఓనరుకు చెప్త. మెస్సు ఈడ్నే ఉంటది."

పరుశురాం గడపలో నిలబడి విన్నాడు. "గిట్లంటే ఎట్లవ్వా? నా లెక్కంతా తప్పుతది. పిల్లను ఎవరు చూస్తరు?"

"ఎనిమిది వేలు పెట్టి ఆయాను తెచ్చుకో. పిల్లను చూడబుద్దయితే నేనే నవజీవన్ రైల్ల టికెట్టు కొనుక్కొని వస్త. లారీల నా జాగ ఖాళీయే గదా, కూలరు పెట్టుకో."

అతనికి ఆదివారమంతా సామాను మోసిన ఆకలి. తల్లి కోపం అన్నం దగ్గర కరుగుతుందని చిన్నప్పటి నుంచి తెలిసినవాడు. వచ్చి బంతి చివర చాప మీద కూర్చున్నాడు. అతని కంచం లేదు. దాన్ని పాత సామానుకు వేయలేదు లెండి, భార్యది, బిడ్డది, తనది జాగ్రత్తగా అట్టపెట్టెలో సర్ది, టేపు వేసి, మధ్యాహ్నమే లారీ గోదాముకు పంపేశాడు.

కనకవ్వ అన్నం గరిటెతో అతని ముందుకొచ్చి ఆగింది. "కంచమేది?"

"ప్యాకయిందవ్వా."

"కంచం లేనోడు గెస్టు. డెబ్బై రూపాయలు తియ్."

అతను నవ్వబోయాడు. బంతిలో ఎవరూ నవ్వలేదు. తల్లి ముఖం చూసి, జేబులోంచి వంద నోటు తీశాడు. ఆమె దాన్ని బొడ్లో దోపుకుని, సంచిలోంచి ముప్పై రూపాయలు లెక్కపెట్టి అతని మోకాలి పక్కన పెట్టింది. తర్వాత అతనే కొనుక్కొచ్చిన కట్టలోంచి ఒక కాయిదం ప్లేటు తీసి ముందు పరిచి, అందరికీ పెట్టినంతే అన్నం పెట్టింది.