పెండలం తలలు

ఆ తుఫానులో మాకు కొబ్బరి చెట్లు నలభై ఆరింటిలో నలభై రెండు పోయాయి. జీడిమామిడి పంతొమ్మిది, పనస మూడు, ఇంటి కప్పు ఒకటి. ఇంట్లో నలుగురం మిగిలాం, తిండి మిగల్లేదు.

పక్కింట్లో ఒక్కతే ఉండే పెద్దమ్మ నన్ను తన తోటకు తీసుకెళ్లి, కూలిన చెట్ల కింద అడవి పెండలం తవ్వడం నేర్పింది. ఏటా మూడు నెలలు ఆమెకు ఆ దుంపలే తిండి. దుంప తీశాక, తీగ మొలిచే తల కోసి మళ్లీ అదే గోతిలో పెట్టేది. మట్టి కప్పి, అరచేత్తో రెండుసార్లు తట్టి, "మల్లీ వత్తాను, ఉండు" అనేది. ఆ మాట చెప్పడానికి ఆమెకు ఇంట్లో ఎవరూ లేరు.

ఒకరోజు ఆమెకు చెప్పకుండా ఏడు దుంపలు తవ్వుకొచ్చాను. తలలతో కలిపితే ఇంకో పూట గడుస్తుందని లెక్క వేశాను.

ఖాళీ గోతులు చూసి, "తలలేవిరా?" అంది పెద్దమ్మ.

"వండీసినాం పెద్దమ్మా."

"లెక్కలొచ్చినోడివి. వచ్చే ఏడు లెక్క మర్సిపోనావేటి?" అని నవ్వింది.

మరుసటి వానలకు ఆ ఏడు గోతుల్లో తీగ రాలేదు. ఆమె ఒక్కో గోతినీ అరచేత్తో తట్టింది. ఈసారి "మల్లీ వత్తాను" అనలేదు. ఆ చలికాలమే ఇచ్ఛాపురంలో చెల్లెలింటికి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

అప్పటినుంచి ఏటా ఆ గోతుల్లో తలలు పెడుతున్నాను. అయిదింటిలో తీగ నిలిచింది. ఇంకా రెండు బాకీ.